పాఠకుల లెక్క: ఒక అంకెను ఎలా చదవాలి?

ఎంతమంది చదివారన్న ప్రశ్నకు సాహిత్య విమర్శలో చోటుందా? ఉంటే ఎంత? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. వారపత్రికల సీరియల్ నవలలు వెల్లువెత్తిన రోజుల్లో విమర్శకులు దీని చుట్టూ చాలా సిరా ఖర్చు పెట్టారు. జనం చదువుతున్నారు కనుకనే రాస్తున్నామన్నది ఒక పక్షం. జనానికి ఏది అలవాటు చేశారో దాన్నే జనం చదువుతున్నారన్నది రెండో పక్షం. అయితే ఆ వాదం జరిగిన రోజుల్లో సంఖ్య ఎప్పుడూ దూరంగానే ఉండేది. పత్రిక యజమాని దగ్గర ఉండేది, ఏజెంటు దగ్గర ఉండేది. ఇవాళ అది నేరుగా వచ్చి కథ కిందనే కూర్చుంది. వెబ్‌పేజీలో కథ పూర్తికాగానే, ఒక్కోచోట మొదలుకాక ముందే, ఇంతమంది చూశారని అంకె కనిపిస్తుంది. పాఠకుడు కథకంటె ముందు అంకెను చదువుతున్నాడు. కథ రాసి పెట్టిన మనిషి రోజుకు నాలుగుసార్లు అంకెనే చదువుకుంటున్నాడు. విమర్శకులం మాత్రం ఆ అంకెను చదవడం ఇంకా మొదలుపెట్టలేదు.

ఈ వ్యాసానికి కారణం రెండు కథలు. నిజానికి ఒకే కథ, రెండు పాఠాలు. కిందటేడు సంక్రాంతి సెలవుల్లో నా పూర్వ విద్యార్థిని ఒకామె కోడుమూరులో మా ఇంటికి వచ్చింది. ఎమ్మిగనూరు మగ్గం ఇంటి పిల్ల. నాయన నేస్తాడు, తల్లి కండెలు చుడుతుంది. ఎం.ఏ. తెలుగు చదువుతూ కథలు రాస్తోంది. సంకలనం కోసం మన వాళ్లు కథలు పంపమన్నారు. రెండు కాగితాల బొత్తులు నా ముందు పెట్టి, "ఏది పంపమంటారు సార్?" అని అడిగింది. మొదటిది చదివి ఇదే పంపమ్మా అన్నాను. "దానికి నలభై ఒకటే సార్" అంది. నాకు అర్థం కాలేదు. "చూసినోళ్లు సార్. దాంట్లో ఎనిమిదో తొమ్మిదో నేను చూసుకున్నవే" అంది. రెండో పాఠానికి ఎంతమ్మా అంటే, 3.8 కె అంది. కె అంటే వేయి.

కథ వస్తువు మా పడమటి కర్నూలుకు బాగా తెలిసినదే: సుగ్గి. ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు చుట్టుపట్ల మెట్ట ఊళ్లనుంచి వాన మొహం చాటేసిన ఏడు కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె కట్టుకొని గుంటూరు వైపు మిరప కోతలకూ, పత్తి తీతకూ పోతాయి. ఊళ్లో ముసలివాళ్లూ, కొందరు బడిపిల్లలూ మిగులుతారు. బడిపంతులుగా ఈ సంగతి నాకు పేపరు చెప్పనక్కర్లేదు, హాజరుపట్టీ చెబుతుంది. మొదటి పాఠంలో అయిదు పుటలే ఉన్నాయి. మూడు నెలల తరువాత తల్లి తిరిగి వస్తుంది. పదేళ్ల కూతురు అవ్వ వెనక నిలబడి చూస్తుంది కాని దగ్గరికి రాదు. తల్లి గాజులు తెచ్చింది. పిల్ల మొహం తాకబోయి, మిరపకాయలు తెంపిన చేతుల మంట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. కథ అక్కడ ఆగిపోతుంది. ఎవరూ ఏడవరు, ఎవరూ ఎవరినీ తిట్టరు. సుగ్గి అంటే ఏమిటో అన్న ప్రశ్నకు ఆ వెనక్కి తీసుకున్న చెయ్యి ఒక్కటే చాలు. తల్లికి బిడ్డకు మధ్య కూలి పని ఎలా అడ్డం నిలబడుతుందో ఉపన్యాసం లేకుండా చెప్పిన కథలు మనకు ఎన్ని ఉన్నాయి? వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

రెండో పాఠం ఆరు భాగాలు. మేస్త్రీ దుర్మార్గుడయ్యాడు. ట్రాక్టరు బోల్తాపడింది. తల్లి బతికిందా లేదా అన్నది మూడు భాగాలు నడిచింది. ప్రతి భాగమూ ఒక అరుపుతోనో, తలుపు చప్పుడుతోనో, ఫోను మోగడంతోనో ముగుస్తుంది. మిరపకాయల మంట చేతుల్లోంచి మాయమైంది. ఎందుకు తీసేశావమ్మా అని అడిగితే, అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు సార్ అంది. ఈ జవాబును తేలిగ్గా తీసుకోకూడదు. సీరియల్ రూపంలో ప్రతి భాగం చివరా భయం కావాలి. మంట భయం కాదు, అనుభవం. దానికి ఆ రూపంలో చోటు లేదు. రూపాన్ని ఎన్నుకున్నది ఆ పిల్ల కాదు, 41 అన్న అంకె.

కనుక ఆ అంకె ఏమిటో చూడాలి. మొదట దాని పుట్టుక. వెబ్‌పేజీ ఎక్కడో ఒక కంప్యూటరులో ఉంటుంది. ఎవరైనా తమ ఫోనులో ఆ పుట కావాలని అడిగితే ఆ కంప్యూటరు పంపిస్తుంది. పంపిన ప్రతిసారీ పక్కన రాసి పెట్టుకున్న అంకెకు ఒకటి కలుపుతుంది. కలిపిన అంకెను పుటలో చూపిస్తుంది. ఇంతే. ఈ పద్ధతిలో లెక్కకు వచ్చేది పాఠకుడు కాదు, అడగడం. ఒకే మనిషి పదిసార్లు అడిగితే పది. తెరిచి వెంటనే మూసినా ఒకటే, చదివి కంటతడి పెట్టినా ఒకటే. అడిగేది మనిషే కానక్కరలేదు. పుటలను వెతికి పట్టిక తయారుచేసే సంస్థల యంత్రాలు పగలూ రాత్రీ పుటలు తెరుస్తూనే ఉంటాయి. వాటిని వడకట్టకపోతే అవీ పాఠకులే. చాలా కౌంటర్లలో మొదలుపెట్టే అంకెను పుట యజమానే ఇచ్చుకోవచ్చు. 0 నుంచి మొదలుపెట్టేవాడు నిజాయితీపరుడు, 5000 నుంచి మొదలుపెట్టేవాడు తెలివైనవాడు.

ఇది తప్పు కదా, మనిషిని ఒక్కసారే లెక్కపెట్టవచ్చు కదా అని కొన్నిచోట్ల ఫోను ఏ చిరునామా నుంచి అడిగిందో చూసి, ఒక చిరునామాకు రోజుకు ఒకటే కలుపుతారు. ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఫోను కంపెనీలు ఎన్నో ఫోన్లను ఒకే చిరునామా వెనక నడుపుతాయి. ఒక వీథిలో ఇరవైమంది ఇరవై ఫోన్లలో చదివినా ఒక్కరే చదివినట్టు తేలవచ్చు. ఇక ఫోనే లేని పాఠకుల మాట? సుగ్గికి పోయిన ఆమె మేనత్త ఒక రాత్రి గుడారంలో ఈ కథ చదివించుకుందట. చదివింది ఒక బడి మానేసిన పిల్లవాడు. విన్నది పదకొండుమంది. నా విద్యార్థిని ఈ సంగతి ఏదో ఇంటి కబురులాగ చెప్పింది. ఆ పదకొండుమంది ఆ నలభై ఒకటిలో ఎక్కడున్నారమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించి, ఒకరుగా ఉన్నారు సార్ అంది.

3.8 కె సంగతి ఇంకా ఆసక్తికరమైనది. పైన ముద్దగా కనిపించే ఆ అంకెను విప్పి చూడమన్నాను. రచయితకు విడివిడిగా కనిపిస్తాయట. మొదటి భాగం 1904. రెండోది 702. మూడోది 431. తరువాత 318, 261. చివరిది 196. మొత్తం 3812. అంటే ఆరు భాగాలూ చదివిన మనిషి ఒక్కడే ఆరుసార్లు లెక్కకు వచ్చాడు. మొదటి భాగం తెరిచినవారిలో పదిమందికి తొమ్మిదిమంది చివరిదాకా రాలేదు. ట్రాక్టరు బోల్తాపడినా రాలేదు. ఏ ఆకర్షణ కోసం కథను ఆరు ముక్కలు చేసిందో ఆ ఆకర్షణ మొదటి ముక్క దగ్గరే అయిపోయింది. 41కి 3812కు ఉన్న దూరం చూసి ఆ పిల్ల తన కథను మార్చుకుంది. నిజమైన దూరం, ఉంటే, 41కి 196కు ఉన్నది. అదీ అడగడాల లెక్కలోనే.

ఇదంతా లెక్కల పంతులు పని, సాహిత్యంతో ఏం సంబంధం అని కొందరు మిత్రులు అనవచ్చు. సంబంధం ఏమిటో ఆ పిల్ల నాయన దగ్గర నేర్చుకున్నాను. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. మగ్గం అంటే అప్పు, సావుకారు అంటే దైవం అనుకునే కాలంలో నేతగాళ్లు నూలు లెక్క, కూలి లెక్క తమ చేతుల్లోకి తీసుకోవడానికి అది ఒక దారి. నేతగాడికి నంబరు అంటే ఏమిటో తెలుసు. నలభై నంబరు నూలు అంటే, ఒక్కొక్కటి 840 గజాల పొడవున్న చిలపలు నలభై కలిస్తే ఒక పౌను తూగుతుంది. అరవై నంబరు అంటే అరవై చిలపలు. నంబరు పెరిగితే నూలు సన్నం. దేన్ని, దేనితో, ఎంత కొలిచారో ఆ నంబరులోనే ఉంది. అందుకే నూలు నంబరును వేళ్ల మధ్య నలిపి పరీక్ష చెయ్యవచ్చు. అబద్ధమాడితే దొరికిపోతుంది. ఆయనకు మా అమ్మాయి కథ కింద అంకె చూపించి అడిగాను. ఆయన అడిగిన మొదటి మాట: "నలభై ఒకటి ఏంది సార్?" ఎంత అని కాదు, ఏంది అని. మన విమర్శకులలో ఎవరూ అడగని ప్రశ్న అది.

ఆదోని పత్తి మార్కెట్టులోనూ అంతే. ఏ రోజు ఎన్ని క్వింటాళ్లు వచ్చింది, కనిష్ఠ ధర ఎంత, గరిష్ఠ ధర ఎంత, ఎక్కువ సరుకు పోయిన ధర ఎంత అని వేరువేరుగా రాస్తారు. గరిష్ఠ ధర ఒక్కటే బోర్డుమీద రాసి ఊరుకుంటే రైతు ఒప్పుకోడు. కథల విషయంలో మనం ఒప్పుకుంటున్నాం.

తెలుగు పుస్తకానికి తనదైన లెక్క ఒకటి ఉండేది. ఇప్పటికీ చాలా పుస్తకాలలో ఉంది. లోపలి అట్ట వెనక పుటలో, ముద్రణ నెల, సంవత్సరం, వెల, ప్రెస్సు పేరుతోపాటు చిన్న అక్షరాల్లో ప్రతులు: 1000 అని ఉంటుంది. ఆ పుట చదివే అలవాటు విద్యార్థులకు పోయింది. చదవాలి. అందులో అలంకారం ఏమీ లేదు. మాట, దాని పక్కన అంకె. ప్రతులు అన్నాడు కాని పాఠకులు అనలేదు, అచ్చయినవి అన్నాడు కాని అమ్ముడైనవి అనలేదు. ఎప్పుడు అచ్చయ్యాయో పై వరుసలో చెప్పాడు. ఆ వెయ్యిలో ఆరువందలు రచయిత మంచం కిందనే ఉండిపోయాయని మనందరికీ తెలుసు. అయినా ఆ అంకె అబద్ధం చెప్పలేదు. తాను ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో తెలిసిన అంకె అది.

దానికంటె గొప్పది గ్రంథాలయం పుస్తకం వెనక అతికించే తేదీల చీటీ. 1914లో బెజవాడలో గ్రంథ భాండాగారుల మహాసభ జరిగిననాటినుంచి, అయ్యంకి వెంకటరమణయ్య, మా కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారి శ్రమవల్ల పల్లెలకు చేరిన గ్రంథాలయాలు మనకు నేర్పిన లెక్క అది. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన గ్రంథాలయ సూత్రాలలో ఒకటి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్న అర్థంలోనిది. దొరికాడో లేదో తెలిపేది ఆ చీటీయే. పుస్తకం తిరిగి ఇవ్వవలసిన తేదీలు వరుసగా ముద్రవేసి ఉంటాయి. ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. పదేళ్లలో ఏడు తేదీలే ఉన్న పుస్తకాన్ని నేను చాలాసార్లు ఆ ఏడు చూసే తీసుకున్నాను. తక్కువ అంకె అక్కడ అవమానం కాదు, ఆహ్వానం. నా సొంత పుస్తకాలకూ ఆ అలవాటు చేశాను. మా కోడుమూరు ప్రాంతపు రచయిత నాగప్పగారి సుందర్రాజు (1968–2000) కథలు 'మాదిగోడు' 1997లో వచ్చాయి. నా ప్రతి వెనక అట్టమీద తీసుకున్నవాళ్లు తేదీ వేసి ఇవ్వాలని నియమం పెట్టాను. ఇప్పటికి 63 తేదీలున్నాయి. కొన్ని తేదీల పక్కన ఇంట్లో ఇంకెవరు చదివారో కూడా రాశారు. ఒకరు "మా నాయనకు చదివి వినిపించినాను" అని రాశారు. దీన్ని నేను పాఠకుల లెక్క అంటాను.

వెబ్‌పేజీ మీద అంకెను ఎలా చూపాలన్న ప్రశ్న ఇక్కడినుంచి పుడుతుంది. తొలి రోజుల్లో, అంటే 1990ల చివర, అది బొమ్మగా ఉండేది. కారులో మైళ్లు తిరిగే మీటరులాగ నల్లని గళ్లలో తెల్లని అంకెలు, ఒక్కొక్క అంకె ఒక్కొక్క బొమ్మ. పుట యజమాని గర్వమంతా ఆ గళ్లలో తిరిగేది. కొందరు మాత్రం ఆ అంకెను పుటలోని మిగతా వాక్యాలలాగే మామూలు అక్షరాలలో పెట్టారు. ఇది చిన్న తేడా అనిపిస్తుంది. మా సహోద్యోగి ఒకాయన చూపులేనివారు. ఆయన ఫోను పుటను గట్టిగా చదివి వినిపిస్తుంది. అక్షరాలలో ఉన్న అంకెను నలభై ఒకటి అని చదువుతుంది. బొమ్మలో ఉన్న అంకె దగ్గర, దాని వెనక మాట రాసి పెట్టకపోతే, మూగపోతుంది. ఆయనకు ఆ గర్వం కనిపించదు, ఆ సమాచారమూ అందదు. అక్షరాలలో ఉన్నదాన్ని కాగితంమీద దించుకోవచ్చు, వెతకవచ్చు, నిన్నటిదానితో పోల్చవచ్చు. అన్నిటికంటె ముఖ్యం, అక్షరాలలో రాయాలంటే వాక్యం రాయాలి. వాక్యం రాయాలంటే కర్త కావాలి, క్రియ కావాలి. ఎవరు, ఏం చేశారు? బొమ్మకు ఈ బాధ్యత లేదు. అందుకే బొమ్మ ఇష్టం.

బొమ్మలు పోయాయి, వాటి గుణం పోలేదు. 3812ను 3.8 కె అని రాయడం, వెయ్యి దాటగానే కూడిక గుర్తు పెట్టడం, పక్కన కన్ను బొమ్మ పెట్టడం దాని వారసత్వమే. కన్ను చూసిందనే చెబుతుంది, చదివిందని చెప్పదు. దీని పూర్వీకుణ్ణి ఆదోని గోడలమీద చూశాం. వంద రోజులు, ఇన్ని కేంద్రాలు అని సినిమా పోస్టర్లు. ఆ రోజుల్లో ఖాళీ హాలుకు కూడా ఆట నడిపి రోజులు నిండించేవారని మాలో ఎవరికి తెలియదు? తెలిసే పాలాభిషేకం చేశాం.

కొలతలోని క్రియ మారిపోవడానికి ఒక ఉదాహరణ. యూట్యూబులో ఒక కాలంలో అంకె 301 దగ్గర ఆగిపోయేది. ఆపైన చూపులు నిజమైనవా అని పరీక్ష చేసేదాకా ముందుకు కదిలేది కాదు. జనం నవ్వుకున్నారు కాని, ఆ ఆగడంలో ఒక మర్యాద ఉండేది. 2015లో ఆ పద్ధతి తీసేశారు. 2025 మార్చి 31 నుంచి అక్కడి పొట్టి వీడియోలకు, ఆట మొదలైతే చాలు, ఎంతసేపు చూశారన్నది లేకుండా ఒక చూపు కలుపుతున్నారు. అంకె పక్కన మాట మారలేదు. మాటకు అర్థం మారింది. తెలుగు చదువుకున్నవాళ్లం, దీన్ని ఏమంటారో మనకు తెలియాలి. మాట అర్థవ్యాప్తి, అర్థసంకోచం చెందడం భాషాశాస్త్రంలో చదువుకున్నాం. ఇక్కడ అర్థాన్ని మార్చినవాడు కంపెనీ.

దీనికి విరుగుడు అంకెను దాచెయ్యడమే అనే మిత్రులున్నారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. ఇన్‌స్టాగ్రామ్ 2021లో ఇష్టాల సంఖ్యను దాచుకునే వీలు ఇచ్చింది. అదే సంవత్సరం యూట్యూబు అయిష్టాల సంఖ్యను చూసేవారికి కనిపించకుండా చేసింది. అయితే దాచినది ఎవరినుంచి? పాఠకుడినుంచి. యజమాని దగ్గర ఆ లెక్క భద్రంగా ఉంది. ఏ కథను ముందు చూపాలి, ఏ కథను అడుగుకు తొయ్యాలి అన్నది ఆ లెక్కతోనే నిర్ణయిస్తాడు. నేతగాడికి నూలు నంబరు చెప్పకుండా దాచితే లాభం ఎవరికి? వికీపీడియా పద్ధతి నాకు మెరుగనిపిస్తుంది. అక్కడ వ్యాసం కింద చూపుల సంఖ్య పెట్టి ఊరించరు. తెలుసుకోవాలంటే ఏ వ్యాసానికైనా రోజువారీ లెక్క వేరే పుటలో దొరుకుతుంది, మనుషులవి వేరు, యంత్రాలవి వేరు. అందరికీ తెరిచి ఉంది, ఎవరి ముఖంమీదా అతికించి లేదు.

ఇక మన ఇల్లు చూసుకుందాం. ప్రజలకోసం రాస్తున్నామని చెప్పుకునేవాళ్లం, ఎంతమంది ప్రజలు చదివారన్న ప్రశ్న వస్తే మొహం తిప్పుకుంటాం. చిన్నపత్రికలు చాలా ఏళ్లపాటు ఏటా మార్చిలో ఫారం నాలుగు అచ్చువేస్తూ వచ్చాయి. అందులో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, యజమాని పేర్లుంటాయి. ప్రతుల సంఖ్య ఉండదు. చట్టం అడగలేదు, మనమూ చెప్పలేదు. తక్కువని సిగ్గా? రాయలసీమనుంచి రా.రా. సంపాదకత్వంలో 1968లో మొదలైన 'సంవేదన' కొద్ది సంచికలే వచ్చింది. ఆనాటి ఏ వారపత్రిక సర్క్యులేషనుతో పోల్చినా అది లెక్కలోకి రాదు. కాని ఆ వారపత్రికల సీరియళ్లలో ఇవాళ చర్చకు వచ్చేవి ఎన్ని? 'సంవేదన' పేరెత్తకుండా తెలుగు విమర్శ చరిత్ర రాయగలవాడు ఎవడు? 'మహాప్రస్థానం' గీతాలు చాలావరకు 1930లలో రాసినవి, పుస్తకంగా వచ్చింది 1950లో. మధ్య కాలంలో ఆ పుస్తకానికి ప్రతుల సంఖ్య సున్న. పాఠకుల సంఖ్య సున్న కాదు. నోటినుంచి నోటికి, రాతప్రతినుంచి రాతప్రతికి పోయిన కవిత్వానికి ఏ మీటరు తిరిగింది?

అయితే ఈ వాదాన్ని మరీ దూరం లాగకూడదు. తక్కువమంది చదివినది కనుక మంచిదే అనే రోగం మనలో ఉంది. ఎక్కువమంది చదివినది కనుక గొప్పదనే రోగానికి అది తోబుట్టువు. రెండింటిలోనూ కథ చదవవలసిన శ్రమ తప్పుతుంది. నా విద్యార్థిని కథను నేను మెచ్చినది 41వల్ల కాదు. నిజం చెప్పాలంటే ఆ మొదటి పాఠంలో లోపాలున్నాయి. అవ్వ పాత్ర మూగగా నిలబడి ఉంది, ఆమెకు ఒక్క మాటైనా ఇవ్వాలి. ఊరి వర్ణన రెండు పేరాలు అక్కరలేనివి. రెండో పాఠంలో మేస్త్రీ మాట్లాడే మాటలు మొదటిదానిలోకంటె సహజంగా ఉన్నాయి. ఈ మాటలేవీ ఆ అంకెలు ఆమెకు చెప్పలేదు. చెప్పడం వాటి పని కాదు. అది మన పని. మనం చెయ్యనందువల్లనే ఆ పిల్ల అంకెను విమర్శకుడనుకుంది. కథ పెట్టిన ఆరు నెలల్లో ఒక్కరైనా ఇది బాగుంది, ఇక్కడ బాగులేదు అని నాలుగు వాక్యాలు రాసి ఉంటే ఆమె ఆరు ముక్కలు చేసేది కాదు. కథ ఉన్న సంగతి నాకూ తెలియదు. సంక్రాంతికి వస్తే తెలిసింది. ఈ నేరంలో నా వాటా నాకుంది.

పుట యజమానులను నేను అడిగేది పెద్దదేమీ కాదు. అంకె చూపదలిస్తే మామూలు అక్షరాలలో, పూర్తి వాక్యంగా చూపండి. ఏ తేదీనుంచి లెక్కపెట్టారో చెప్పండి. లెక్కపెట్టినది తెరవడమా, చివరిదాకా రావడమా చెప్పండి. యంత్రాలను, రచయితను తీసేశారో లేదో చెప్పండి. అంకెను కుదించకండి. 41ని నలభై ఒకటిగానూ, 3812ను మూడువేల ఎనిమిదివందల పన్నెండుగానూ ఉండనివ్వండి. కథకు పైన కాదు, కింద పెట్టండి, ఫలశ్రుతి ఉండవలసిన చోట. (మన పూర్వులు ఫలశ్రుతిని గ్రంథం చివరనే పెట్టారు. వినక ముందే ఫలితం చెప్పే అలవాటు వారికి లేదు.)

సంకలనం సంగతి. కథలు ఎంపిక చేసే సంఘంలో నేనూ ఒకణ్ణి. మాకు ఇచ్చిన పట్టికలో కథ పేరు, రచయిత, ఊరు, తరువాత ఒక కాలమ్ ఉంది: చదివినవారి సంఖ్య. వెబ్‌లో వచ్చిన కథలకు ఆ కాలమ్ నింపారు. పత్రికల్లో వచ్చినవాటికి గీత గీశారు. నోట్‌బుక్కుల్లో రాసి పోస్టులో పంపిన నాలుగు కథలకు ఖాళీగా వదిలారు. ఇది ఎవరు పెట్టారని అడిగాను. ఎవరూ పెట్టలేదు, పట్టిక అలాగే వచ్చిందన్నారు. మార్కులేమీ లేవు కదా, తెలిస్తే నష్టమేమిటని ఒక పెద్దాయన అడిగారు. సుగ్గి కథకు ఎదురుగా ఆ కాలమ్‌లో రెండు అంకెలూ రాసి ఉన్నాయి, ఒకదానిమీద ఒకటి. ఆయన కన్ను ఎక్కడ పడుతున్నదో నేను చూస్తూనే ఉన్నాను. ఆ కాలమ్ కొట్టెయ్యాలి, లేదా అన్ని కథలకూ ఏమి లెక్కపెట్టారో రాయాలి అని కాగితంమీద రాసి ఇచ్చాను. సమావేశం వాయిదా పడింది. వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ కూర్చుంటాం.

ఆ పిల్ల మొదటి పాఠాన్ని తిరిగి పెట్టింది. అవ్వకు రెండు మాటలు ఇచ్చింది, ఊరి వర్ణన ఒక పేరా తీసేసింది, ఇంకో పేరా తియ్యనంది. ఈసారి పెట్టినచోట అంకె ఎలా చూపాలన్నది రాసినవారి ఇష్టం. కథ కింద తనే వాక్యం రాసుకుంది. ఫలానా తేదీనుంచి ఈ పుట ఇన్నిసార్లు తెరిచారని, తను తెరిచినవి అందులో లేవని, గుడారంలో విన్న పదకొండుమంది ఇందులో ఒకరుగా ఉన్నారని. విన్నవారు అనాలా, చదివించుకున్నవారు అనాలా అని నాకు ఫోను చేసింది. చదివించుకున్నవారు అనమ్మా అన్నాను. వాళ్ల నాయన మాత్రం విన్నవాళ్లే సరి అన్నాడట. ఆమె నాయన మాటే ఉంచింది.